చూపే పెట్టె, గీసే పెట్టె

మా నాయిన పోయాక ఇంట్లో మొదట తగువు వచ్చింది ఆయన ఫోటో గురించే. చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ వేయించాలి, దాని మీద ఏ ఫోటో పెట్టాలి అని. రామన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మొహాలన్నీ తీసిన మనిషికి తన మొహం తిన్నగా ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా వెనకాల ఉండేవాడికి కెమెరా ముందు ఏం పని? పెట్టెలన్నీ వెతికితే చివరికి ఎవరి పెళ్ళిలోనో పందిట్లో కుర్చీ మీద కూర్చున్న ఫోటో ఒకటి దొరికింది. తెల్ల చొక్కా, దువ్విన తల, అన్నీ బాగున్నాయి. కళ్ళు మాత్రం మూతపడి ఉన్నాయి. మా తమ్ముడి కొడుకు “ఫికర్ జెయ్యకుండ్రి” అని దాన్ని తన సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకుని రెండుసార్లు వేలు ఆనించాడు. నాయిన కళ్ళు తెరిచాడు. నిగనిగలాడే మంచి కళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళంతా “అబ్బ, ఎంత మంచిగొచ్చింది” అంటుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్ళి నల్లా తిప్పి ఊరికే నిలబడ్డాను. తండ్రి మీద దుఃఖం అనుకున్నారు. అదీ ఉంది. కానీ అప్పుడు నా కళ్ళ ముందు నిలబడింది నాయిన కాదు, కేతేపల్లి దిక్కు నుంచి ఒక మధ్యాహ్నం మా స్టూడియోకు వచ్చిన సైదమ్మ.

మా ఇల్లూ స్టూడియో ఒకటే. ముందు గది స్టూడియో, మధ్య గది చీకటి గది, వెనక రెండు గదుల్లో మేము. చీకటి గది తలుపు సందులోంచి వచ్చే, ఫోటోలు కడిగే హైపో మందు వాసన మా పప్పుచారులో కలిసిపోయేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు “నీ పుస్తకాలు ఏందే గిట్ల వాసనొస్తయి” అంటే నాకు అర్థమయ్యేది కాదు, నాకు అది మా ఇంటి వాసన. అమ్మ పొద్దున్నే బోరింగు దగ్గర బిందెలు నింపి తెచ్చేది. సగం నీళ్ళు వంటకు, సగం ఫోటోలు కడగడానికి. కడిగిన ఫోటోలు వెనక వాకిట్లో తీగెకు క్లిప్పులు పెట్టి ఆరేసేది, మా లంగాలూ నాయిన లుంగీలూ వాటి పక్కనే ఆరేవి. ఎవరి పెళ్ళి జంటో, ఎవరి పసిబిడ్డో, ఎవరి శవమో, గాలికి అన్నీ ఒకేలా ఊగేవి. అమ్మకు వాటి మీద ఏ పట్టింపూ ఉండేది కాదు. వాన మబ్బు కనబడితే మాత్రం “ముందు ఫోటోలు దియ్యుండ్రి, బట్టలు తడిస్తె మల్ల ఆరుతయి” అని అరిచేది.

ఆ బోరింగు నీళ్ళే, వాటిలోని ఫ్లోరైడే మా జిల్లా శాపం. చూడటానికి తేటగా ఉండేవి, తాగితే నాలుక మీద కొంచెం చప్పగా తగిలేవి, అంతే. పిల్లల పళ్ళు పచ్చబడి, తర్వాత గోధుమ రంగు గీతలు పడేవి. పెద్దవాళ్ళకు మెడ తిరిగేది కాదు, నడుము వంగితే లేచేది కాదు. పెళ్ళి సంబంధాల కోసం ఫోటో దిగడానికి వచ్చిన ఆడపిల్లలు ఎంత బతిమాలినా నోరు విప్పి నవ్వేవాళ్ళు కాదు. నాయిన “నవ్వు బిడ్డా, పండ్లు నేను జూసుకుంట” అనేవాడు. నిజంగానే చూసుకునేవాడు. నెగెటివ్‌ను గాజు బల్ల మీద పెట్టి, సూది మొనలాగా చెక్కిన పెన్సిలుతో పళ్ళ మీద మరకలన్నీ మాయం చేసేవాడు. మా తాలూకాలో ఎన్ని పెళ్ళిళ్ళు ఆ పెన్సిలు వల్ల కుదిరాయో దేవునికెరుక. పెళ్ళయ్యాక పళ్ళ సంగతి తెలిసి తగువుకు వచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు, ఎందుకంటే పెళ్ళికొడుకు ఫోటో దిద్దిందీ ఆయనే.

ఇంకో పని ఉండేది నాయినకు. నేను చెప్పదలుచుకున్నది దాని గురించే. మా దిక్కు పల్లెల్లో చాలామంది బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫోటో కూడా దిగేవాళ్ళు కాదు. ప్రాణం పోయాక ఇంట్లోవాళ్ళకు అప్పుడు గుర్తొచ్చేది, మనిషి ఆనవాలు ఏదీ మిగలడం లేదని. ఎవడో ఒకడు సైకిలేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. వాళ్ళు స్నానం పోసి, కొత్త బట్ట కట్టి, శవాన్ని గోడకు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టి ఉంచేవాళ్ళు. మామూలు రోజున మమ్మల్ని కడప లోపలికి రానివ్వని పెద్దిళ్ళ వాళ్ళు కూడా ఆ రోజు “లోపలికి రా, జర మంచిగ దియ్యి” అని నాయినను నడింట్లోకి పిలిచేవాళ్ళు. దాని గురించి అమ్మ ఎప్పుడైనా పుల్లవిరుపుగా ఏదో అంటే, “పానం లేనోళ్ళ ముంగట అందరం ఒక్కటే తియ్యి” అని ఊరుకునేవాడు. ఫోటో తెచ్చి కడిగాక, సన్న బ్రష్షుతో ఆ మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీసేవాడు. గీసినదాన్ని మళ్ళీ ఫోటో తీసి, పెద్దది చేసి, చట్రం కట్టి ఇచ్చేవాడు. నల్లగొండలో ఖాజా సాబ్ అనే ముసలాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. గీసే ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, నవ్వితే కళ్ళు చిన్నవయ్యేవా, చూపు పైకుండేదా కిందికుండేదా అని అన్నీ అడిగేవాడు. వాళ్ళు ఏడుస్తూనే చెప్పేవాళ్ళు. ఆయన తల ఊపుతూ వినేవాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, ఆరేసిన ఫోటోలు తీస్తూ తీస్తూ ఆగిపోయాను. ఆ తీగె మీద ఒక ముసలి రెడ్డి, ఒక పడుచు కోమటాయన, ఒక గొల్ల ముసలామె. ముగ్గురివీ ఒకటే కళ్ళు. బయటి కొసలు కాస్త కిందికి వాలి, ఎడమది కొంచెం చిన్నగా. ఆ కళ్ళు నాకు బాగా తెలిసినవి. గోడ మీద ఉన్న నాయిన తల్లి, మా అవ్వ ఫోటోలోవి. వెళ్ళి నాయినను అడిగాను. ఆయన తడబడలేదు, కోపగించుకోలేదు. “వాళ్ళకు కండ్లు గావాలె బిడ్డా. నాకు చెయ్యి దిరిగిన కండ్లు గవ్వే,” అన్నాడు. “మరి గన్ని సంగతులెందుకడుగుతవు?” అంటే, “చెప్పుకుంటె వాళ్ళ బరువు దిగుతది గదా,” అన్నాడు. ఆ జవాబు అప్పుడు నాకు నచ్చింది. ఇప్పుడు నచ్చడం లేదు. మా తాలూకాలో సగం ఇళ్ళ గోడల మీద మా అవ్వ చూస్తూ ఉందంటే ఎవరికైనా ఎట్లా ఉంటుంది!

నేను డిగ్రీకి వచ్చేనాటికి నాయిన వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. ఆ నీళ్ళే. కెమెరా పట్టుకోగలడు, బటన్ నొక్కగలడు, కానీ బ్రష్షు నిలిచేది కాదు. కళ్ళ కోసం వచ్చినవాళ్ళను వెనక్కి పంపేవాడు, పంపినప్పుడల్లా ఆ పగలంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అదే సమయంలో నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. పొద్దున్నే బస్సు, కాలేజీ, సాయంత్రం కంప్యూటర్, మళ్ళీ బస్సు. ఆ గది చూడగానే మా చీకటి గదే గుర్తొచ్చింది. కిటికీలకు నల్ల పరదాలు, చెప్పులు బయట విప్పాలి, దుమ్ము రాకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. మిషన్ల మీద తెల్ల గుడ్డలు కప్పి ఉండేవి. హైపో వాసన బదులు ఏసీ వాసన.

మాకు చెప్పే సార్ కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. చివర్లో అందరం ఒక ప్రాజెక్టు చేయాలి. మిగతావాళ్ళు జీతాల లెక్కలూ, లైబ్రరీ పుస్తకాల లెక్కలూ తీసుకున్నారు. నేను ఫోటో స్టూడియో అన్నాను. మా నాయిన చెయ్యి చేయలేని పని మౌసు చేస్తుందని నా ఆశ. ఫోటో తెర మీద కనబడాలి, దాని మీద గీయగలగాలి. ఇంతే నాకు కావలసింది. అక్కడే చిక్కు వచ్చింది. ఆ విండోస్ ప్రోగ్రాములు రాసేటప్పుడు, తెర మీద ఖాళీ పలక లాంటిది ఒకటి తీసుకుని, దాని మీద మనకు కావలసిన సామాను తెచ్చి పెట్టుకుంటాం. నొక్కడానికి బటన్, రాయడానికి ఒక డబ్బా, అట్లా. బొమ్మల కోసం మాత్రం రెండు రకాల పెట్టెలు ఉండేవి. ఒకటి ఇమేజ్, ఇంకోటి పిక్చర్ బాక్స్. రెండింట్లోనూ ఫోటో ఒకేలా కనబడుతుంది, బయటినుంచి చూసేవాడికి తేడా తెలియదు. సార్ బోర్డు మీద రెండు చతురస్రాలు గీసి చెప్పారు. “ఇమేజ్ తేలికమ్మా. ఫోటో ఎంత పెద్దదైనా తన కొలతకు కుదించుకుని చూపిస్తుంది, మిషన్‌కు భారం ఉండదు. కానీ అది చూపించడానికే, దాని మీద చిన్న గీత కూడా పడదు. పిక్చర్ బాక్స్ బరువు. కుదించదు, సాగదీయదు, ఫోటో పెద్దదైతే అంచులు తెగిపోతాయి. కానీ దాని మీద నువ్వు ఏమైనా గీసుకోవచ్చు.”

నాకు గీయాలి కాబట్టి పిక్చర్ బాక్స్ తీసుకున్నాను. దానికి ఇంకో మెలిక ఉంది. అందులో ఆటో రీడ్రా అని ఒక గుణం ఉండేది. దాన్ని ఆన్ చేస్తే, మనం తెర మీద గీసే ప్రతి గీతనూ మిషన్ తన లోపల కూడా గీసి దాచుకుంటుంది. ఆఫ్ చేస్తే గీత తెర మీద మాత్రమే ఉంటుంది, లోపల ఉండదు. అది ఆన్ చేసిన ప్రతిసారీ మా సెంటర్ మిషన్ బిగుసుకుపోయేది. సార్ వచ్చి చూసి, “మన మిషన్లు ఇది మోయలేవు. ఆఫ్‌లోనే ఉంచెయ్. గీసింది కనిపిస్తోంది కదా, పరీక్షకు అది చాలు,” అన్నారు. పరీక్షకు నిజంగానే చాలు. ఇంటికి వచ్చి అన్నం తింటూ ఇదంతా నాయినకు చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, “అంటె ఒకటి సూసుడుకు, ఒకటి గీసుడుకు. గంతే గద?” అన్నాడు. “గంతే నాయినా.” “మరి గీసేదాంట్లనె సూసుకోవచ్చు గద, రెండోదెందుకు?” అన్నాడు. బరువవుతుందని చెప్పాను. “నేను గీసిన ఫోటోలు ఎన్నడు బరువు గాలేదే,” అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడని అమ్మ తర్వాత నాతో అంది.

ఆ ఎండాకాలంలోనే సైదమ్మ వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి, మా అమ్మ కన్నా కాస్త చిన్నదై ఉంటుంది. రెండు బస్సులు మారి వచ్చింది. కొంగు ముడిలోంచి ప్లాస్టిక్ కవరు, దాంట్లోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పద్నాలుగు పదిహేనేళ్ళ ఆడపిల్ల, మంచం మీద పడుకోబెట్టి తీసిన ఫోటో. నుదుట పెద్ద బొట్టు, చుట్టూ బంతిపూలు. పేరు పద్మ అని చెప్పింది. మెదడు జ్వరం వచ్చి, నల్లగొండ దవాఖానలో వద్దంటే పట్నం తీసుకుపోతుంటే దారిలోనే పోయిందట. అప్పటికి ఏడాది దాటింది.

“నువ్వు కండ్లు తెరిపిస్తవంట గద అన్నా,” అంది నాయినతో. నాయిన తన చేతులు చూపించాడు. “తెరిపిస్తుంటిని చెల్లె. ఇప్పుడు చేతనైతలేదు.” ఆమె ఆ వేళ్ళ వంక చూసింది, అర్థం చేసుకుంది, కానీ లేవలేదు. తనంతట తానే మొదలుపెట్టింది. “ముందుగాల్ల కండ్లు మూస్తె కనవడేది అన్నా. నీళ్ళు మోసుకొచ్చుడు, మ్యాకపిల్లతోటి ఆడుడు, నా మీద కొట్లాడుడు. గీ ఒక్క ఫోటో పెట్టుకొని దినాము సూడవడ్తి. సూసి సూసి, ఇప్పుడేమో ఎప్పుడు యాదిచేసుకున్నా గిట్ల పండుకున్నదే వస్తది. తెరిచిన కండ్లు యాదికొస్తనే లెవ్వు. ఎంత గింజుకున్నా రావు. కన్నతల్లికి బిడ్డ కండ్లు యాదికి రాకపోవుడేందన్నా? నేనేం తల్లిని?” ఏడవలేదు. ఎవరో తన వస్తువు ఎత్తుకుపోయారని ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పింది. నాయిన నావైపు చూశాడు. “నా బిడ్డ కంప్యూటర్ల గీస్తది,” అన్నాడు. నన్ను అడగకుండానే మాట ఇచ్చేశాడు. ఆయనను ఆపాలని నాకూ అనిపించలేదు. లోపల్లోపల పొంగిపోయాను కూడా.

పెళ్ళి కార్డులు అచ్చువేసే ప్రెస్సులో ఆ ఫోటోను స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చుకున్నాను. ఆదివారం సెంటర్ ఖాళీగా ఉంటుందని సార్ తాళాలు ఇచ్చారు. నేనూ నాయినా సైదమ్మా. చెప్పులు విప్పమంటే ఆమె గుడికి వచ్చినట్టు చెంపలు వేసుకుంది. నాయినను అన్నా అంది కాబట్టి నాకు అత్తమ్మ అయింది. పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, “రెప్పలు పెద్దగుండెనా అత్తమ్మా?” అని అడిగాను. “ఏమో బిడ్డా.” “చూపు ఎట్లుండె?” “ఏమో బిడ్డా, ఎర్కనే ఉండె, ఇప్పుడు దెల్వదు.” ఏది అడిగినా అంతే. ఆమె దగ్గర లేనిదాన్నే కదా ఆమె వెతుక్కుంటూ వచ్చింది! నాయిన నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మౌసుతో కన్ను గీయడమంటే సబ్బుబిళ్ళతో ముగ్గు వేయడమే. చాలాసేపు కుదరలేదు. తర్వాత తర్వాత చెయ్యి తనకు తెలిసిన దారి పట్టింది. బయటి కొసలు కాస్త కిందికి, ఎడమది కొంచెం చిన్నగా. ఏం గీస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది, వేరే ఏదీ నా చేతికి రాలేదు. చివర నల్లగుడ్లలో చెరొక తెల్ల చుక్క పెట్టాను, ఫోటోకు ప్రాణం దాంతోనే వస్తుందని నాయిన అనేవాడు.

“పద్మా!” అంది సైదమ్మ.

గట్టిగా, వాకిట్లోంచి పిలిచినట్టు పిలిచింది. కుర్చీ అంచుకు జరిగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “ఇగో గిటు సూస్తాంది అన్నా. నన్నే సూస్తాంది. గివే. గివే నా బిడ్డ కండ్లు,” అంది. తర్వాత మమ్మల్ని మరిచిపోయింది. ఏం తింటున్నావని, ఎవరితో ఉంటున్నావని, నీ మేకపిల్ల ఈనిందని, అన్నీ దానితో చెప్పింది. నేను సేవ్ బటన్ నొక్కి, సేవ్ అయిందన్న మాట రాగానే మౌసు వదిలేశాను. నాయిన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ గదిలో ఏదీ తాకడానికి మాకు మనసు రాలేదు. అట్లా ఎంతసేపు కూర్చున్నామో, ఉన్నట్టుండి తెర నల్లబడి, నక్షత్రాలు మీదికి దూసుకురావడం మొదలైంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ తనంతట తాను వేసుకునే స్క్రీన్ సేవర్ అది. “ఏమైంది? ఏడ వోయింది?” అని సైదమ్మ లేచి నిలబడింది. “ఏం గాలే అత్తమ్మా, వస్తది, ఈడ్నే ఉన్నది,” అని మౌసు కదిలించాను. నక్షత్రాలు పోయాయి. మంచం వచ్చింది, బంతిపూలు వచ్చాయి, బొట్టు వచ్చింది. కళ్ళు మూసి ఉన్నాయి.

తెర మీద గీసింది తెర మారగానే పోయింది. లోపల ఉన్న పాత ఫోటోనే మిషన్ మళ్ళీ పరిచింది. సేవ్ చేసినప్పుడు కూడా అది దాచింది తన లోపల ఉన్నదాన్నే. ఫైల్ తెరిస్తే అదే మూసిన కళ్ళ పిల్ల. ఇదంతా నాకు నిమిషంలో అర్థమైంది, ఆమెకు ఏ భాషలో చెప్పాలో అర్థం కాలేదు. సైదమ్మ శోకం పెట్టలేదు. “మల్ల వోయింది,” అని మాత్రం అంది, కూర్చుంది. ఆటో రీడ్రా ఆన్ చేశాను. మిషన్ బిగుసుకుపోతే ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, సాయంత్రం దాకా కూర్చుని మళ్ళీ గీశాను. ఈసారి గీసింది గీసినట్టు నిలిచింది. నిజం చెప్పాలంటే మొదటిసారి కన్నా బాగానే వచ్చాయి. ఆమె చాలాసేపు చూసింది. “గివి గావు బిడ్డా,” అంది. “గవే చెల్లె, అవ్వే కండ్లు, జర మంచిగ సూడు,” అని నాయిన బతిమాలాడు. ఆ కళ్ళు తన తల్లివని ఆయనకు తెలియదా? “నేను సూసిన గదన్నా. అవి సూసినయి. ఇవి సూస్తలెవ్వు,” అంది సైదమ్మ. ఇంకోసారి గీశాను. అదీ కాదంది. తన ఫోటో కవర్లో పెట్టుకుని, కొంగున ముడేసుకుని, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో నార్కట్‌పల్లి దాటాం. నాయిన కిటికీ వైపు చూస్తూ, “నువ్వు గూడ గవ్వే గీస్తివి,” అన్నాడు. “కంప్యూటర్ గద, ఎవలయి వాళ్ళకొస్తయేమో అనుకున్న.” మరుసటి రోజు స్టూడియో ముందు ఉన్న బోర్డు మీద చనిపోయినవారి ఫోటోల గురించి రాసిన వరుసను సున్నంతో పూసేశాడు. ఆ తర్వాత వేళ్ళు బాగున్న రోజు కూడా ఎవరికీ కళ్ళు గీయలేదు. నా ప్రాజెక్టుకు మాత్రం మంచి మార్కులు వచ్చాయి, నల్లగొండలోనే ఉద్యోగమూ వచ్చింది. ఆ రెండు పెట్టెలు ఇప్పుడు లేవు. నా కింద పనిచేసే పిల్లలకు వాటి పేర్లు కూడా తెలియవు. గీసింది పోతుందేమో అన్న భయమే వాళ్ళకు లేదు, పోగొడదామన్నా పోదు ఏదీ. మా తమ్ముడి కొడుకు ఫోన్ నాయినకు పెట్టిన కళ్ళు ఎవరివని వాడిని అడిగితే వాడు తెల్లబోయి చూశాడు. ఊరూ పేరూ తెలియని వేలమంది మొహాలు చూసి అది నేర్చుకుందట. నాయినకు కనీసం అవి ఎవరి కళ్ళో తెలుసు. అది గొప్ప అనాలో, అదే పెద్ద తప్పు అనాలో, ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఎందుకంటే సైదమ్మ మళ్ళీ ఒకసారి వచ్చింది.

అప్పటికి కొన్నేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, ఆదివారం కాబట్టి రామన్నపేటలో ఉన్నాను. తల నెరిసింది ఆమెకు, మనిషి మాత్రం నెమ్మదిగా, తేటగా ఉంది. మేము అడగకముందే తనే చెప్పింది. “ఇప్పుడు మంచిగ కనవడ్తాంది బిడ్డా. నువ్వు గీసిన గప్పటిసంది కండ్లు మూస్తె చాలు, తెరిచి సూస్తది. నీ పున్నెమే.” నా గుండె మీది బరువు దిగింది. ఆ కాసేపే దిగింది. తర్వాత ఆమె సంచిలోంచి ఒక ఫోటో తీసింది. బడిపిల్లల గ్రూపు ఫోటో. పద్మతో చదివిన పిల్ల ఎవరో, తన పెట్టె సర్దుకుంటుంటే దొరికిందని తెచ్చి ఇచ్చిందట. “ఇండ్ల నా బిడ్డ ఉన్నదంటది గా పోరి. ఇగో గీ పిల్లంట. నువ్వు గీసినదానివి, నువ్వు జెప్పు. ఇవి పద్మ కండ్లేనా?”

ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్ల. గడ్డం కింద పుట్టుమచ్చ. ఆ పుట్టుమచ్చ నాకు బాగా తెలుసు, తెర మీద దాన్ని పెద్దది చేసుకుని ఒక పూటంతా చూసినదాన్ని. కళ్ళు మాత్రం నేను గీసినవాటికి దగ్గర కూడా లేవు. చిన్నవి, కొసలు పైకి లేచినవి, ఎండకు చిట్లించుకుని, ఏదో తుంటరి పని చేసి దొరకనట్టు నవ్వుతున్నాయి. నాయిన కూడా చూశాడు. చూసి, చీకటి గదిలోకి వెళ్ళిపోయాడు.

“మన పద్మే అత్తమ్మా,” అన్నాను. “ఇవే అసలు కండ్లు. నేను గీసినయి మా అవ్వయి. నాకు చేతనయినయి గవే, గందుకె గీసిన.”

ఆమె నావైపు జాలిగా చూసింది. “మీ అవ్వను నేనెన్నడు సూల్లే బిడ్డా. నా బిడ్డ కండ్లు నాకు దెల్వయా? అది ఎండలగూడ కండ్లు పెద్దగనే తెరుస్తుండె. చిన్నప్పటిసంది గంతే.” ఫోటోను ఇంకోసారి వెలుతురుకు పెట్టి చూసింది. పుట్టుమచ్చ మీద వేలు పెట్టి చూపించాను, చాలామందికి ఉంటుందంది. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టి, సంచి భుజాన వేసుకుని బస్సుకు టైమైందని లేచింది.

“ఎవల పిల్లనో, మంచిగున్నది పాపం. నీ తాననే ఉంచు. వాళ్ళ తల్లి దేవులాడుకుంట వస్తె ఇయ్యి,” అంది కడప దాటుతూ.

ఆ తల్లి ఇంతవరకు రాలేదు.